ధర్మశాస్త్రాన్ని చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: నాజీరు మ్రొక్కుబడి

ఏ విధి చదివినా మూడు ప్రశ్నలు వేసుకోవాలని కిందటి పాఠంలో అనుకున్నాం: ఎవరికి, ఎంతకాలం, తప్పితే ఏమిటి? ఈసారి బైబిలు పాత నిబంధనలోని సంఖ్యాకాండము 6వ అధ్యాయం తీసుకుందాం. దేవునికి ప్రత్యేకంగా ఉంటానని మొక్కుకున్న మనిషే నాజీరు. ముందు 1 నుంచి 21 వరకు వచనాలు నిదానంగా చదివి రండి.

ఎవరికన్నది 2వ వచనంలోనే ఉంది. పురుషుడైనా స్త్రీ అయినా ఈ మ్రొక్కుబడి చేసుకోవచ్చు, యాజకులు వచ్చే లేవీ గోత్రం కానక్కర్లేదు.

మానవలసినవి మూడు. ద్రాక్షారసం, మద్యం మాత్రమే కాదు, ఎండు ద్రాక్ష కూడా తినకూడదు. తలమీద మంగలకత్తి పడకూడదు. శవం దగ్గరికి వెళ్లకూడదు. చాలామంది మొదటి రెండూ గుర్తుపెట్టుకుని మూడోదాన్ని దాటేస్తారు. మీరు 7వ వచనం దగ్గర ఆగండి. తండ్రి, తల్లి, సహోదరుడు, సహోదరి, వీళ్లలో ఎవరు చనిపోయినా సరే, శవాన్ని ముట్టి అపవిత్రం కాకూడదు.

అక్కడ వేలు పెట్టి ఉంచి, లేవీయకాండము 21 తెరవండి. మామూలు యాజకుడికి దగ్గరి రక్తసంబంధుల విషయంలో మినహాయింపు ఉంది (1–3). ప్రధాన యాజకుడికి తండ్రి కోసం, తల్లి కోసం కూడా లేదు (11). అంటే ఏ పదవీ లేని ఒక ఇల్లాలు, మొక్కుకున్నన్నాళ్లూ ఈ విషయంలో ప్రధాన యాజకుడంత కట్టుబాటులో ఉంటుంది! ఈ అధ్యాయం ఎప్పుడు చదివినా నా మనసు ఇక్కడే నిలిచిపోతుంది. సాటి వచనాన్ని పక్కన పెట్టుకోకపోతే ఈ సంగతి కనబడదు.

ఇక తప్పితే? 9–12 చూడండి. ఎవరైనా హఠాత్తుగా పక్కనే చనిపోయారనుకుందాం. నాజీరు తప్పేమీ లేదు. అయినా ఏడో రోజున తల గొరిగించుకోవాలి, ఎనిమిదో రోజున రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవాలి, ఏడాది గొర్రెపిల్లను అపరాధ పరిహారార్థబలిగా అర్పించాలి. అన్నిటికన్నా బరువైనది 12వ వచనం చివర ఉంది: గడిచిన దినాలు లెక్కలోకి రావు. మళ్లీ మొదటి రోజు నుంచే.

ఎంతకాలమో ఈ అధ్యాయం చెప్పదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ సంకలనం మిష్నా చెబుతుంది: గడువు పేర్కొనకపోతే 30 రోజులు. యూదు మతం స్వీకరించిన హెలెనా రాణి సంగతీ అందులోనే ఉంది. యుద్ధానికి వెళ్లిన కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఏడేళ్లు నాజీరుగా ఉంటానని మొక్కుకుంది. అవి ముగిశాక ఇశ్రాయేలు దేశానికి వస్తే, ఆ దేశంలో మరో ఏడేళ్లు ఉండాలని హిల్లేలు అనే యూదు గురువు అనుచరుల వర్గం చెప్పింది. అవి పూర్తికావచ్చే వేళ అపవిత్రత తగిలింది. మొత్తం 21 ఏళ్లు! కాదు, 14 ఏళ్లేనని రబ్బీ యెహూదా మాట. 12వ వచనం ఒక మనిషి ఆయుష్షులోంచి ఎంత తీసుకుంటుందో దీన్నిబట్టి చూడండి.

అభ్యాసం: న్యాయాధిపతులు 13, 14 అధ్యాయాలు చదవండి. సమ్సోను విషయంలో దూత చెప్పినవాటిని ఆ మూడు కట్టుబాట్ల పక్కన రాసుకోండి. ఏది తల్లికి చెప్పాడు, ఏది బిడ్డకు చెప్పాడు, ఏది అసలు చెప్పలేదు? 14:8–9లోని సింహం కళేబరం సంగతి తేల్చేముందు, సంఖ్యాకాండము 6:6 మనిషి శవం గురించి చెబుతోందా, జంతువుది కూడా కలుపుతోందా చూసుకోండి. వచ్చే పాఠంలో అపొస్తలుల కార్యములు 21:23–26 చదువుతాం. ఈలోగా సంఖ్యాకాండము 6:13–18లోని బలుల జాబితా ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. మొక్కుకున్న నలుగురి ఖర్చు అక్కడ పౌలు భరించడమంటే ఎంత భారమో లెక్క కట్టడానికి అది కావాలి.