ఒడిశాలోని రాయగడ ఐటీఐలో వెల్డర్ ప్రాక్టికల్‌కి ఎగ్జామినర్‌గా వెళ్లే ముందు జాగ్రత్తలు

అభ్యర్థుల జాబితా ముందురోజే చదవండి. రాయగడ, గుణుపురం వాళ్ల చుట్టరికాలు పార్వతీపురం దాకా ఉంటాయి. మేనల్లుడి పేరు కనిపిస్తే ఆ బ్యాచ్ నాకొద్దని రాసిచ్చేయండి.

గ్యాస్ దగ్గర తొందరపడొద్దు. నల్లది ఆక్సిజన్, మెరూన్ రంగుది ఎసిటిలీన్. ఎసిటిలీన్ సిలిండర్‌ని పడుకోబెట్టకూడదు. నిలబెట్టి గొలుసు కట్టాలి. ఆక్సిజన్ వాల్వుకి నూనె, గ్రీజు తగలనివ్వొద్దు, అధిక పీడనంలో వాటంతటవే అంటుకుంటాయి. లీకు చూడటానికి సబ్బునీళ్లే. అగ్గిపుల్ల తీసినవాణ్ణి ఒకచోట చూశాను, అందుకే రాస్తున్నా.

ఆర్క్ (కరెంటు వెల్డింగ్) మెషీన్‌కి ఎర్త్ క్లాంపు బిగువుగా ఉందా? కేబుల్ ఎక్కడైనా చిట్లిందా? వానాకాలమైతే షెడ్డు నేల, చేతి తొడుగులు రెండూ పొడిగా ఉండాలి.

హెల్మెట్లకు 10 లేదా 11 నంబరు నల్ల అద్దం. మీకూ ఒకటి అడిగి తీసుకోండి. మార్కుల కోసం ఊరికే పక్కన నిలబడి చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది.

ఒడియాలో చెప్పింది అర్థం కాని పిల్లలకు తెలుగులో మళ్లీ చెప్పండి. సూచన మాత్రమే, జవాబు కాదు!

వెల్డింగ్ చేయాల్సిన ఇనుప ప్లేట్లు చేతికిచ్చే ముందే రోల్ నంబర్లు పంచ్‌తో కొట్టించండి. సుద్దతో రాస్తే మంటకు పోతుంది, ఇక ఏ ముక్క ఎవరిదో తేలదు.