ఒక్క రోజులో గుట్ట ఎక్కి దిగాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గుట్టలు దూరం నుంచి చూస్తే పెద్ద ఎత్తుగా అనిపించవు. దేవరకొండ కింద నిలబడిన ఎవరైనా "ఇదెంత, గంటలో ఎక్కేస్తాం" అనుకుంటారు. ఇక్కడ కష్టం ఎత్తులో లేదు. నున్నటి గ్రానైటు బండ, నీడ ఇచ్చే చెట్టు లేకపోవడం, పది దాటితే కాలడం మొదలుపెట్టే రాయి, ముళ్ల పొదల్లో మాయమయ్యే కాలిబాట. మనిషిని అలిసిపోయేలా చేసేవి ఇవే.

కొన్నేళ్ల క్రితం మార్చి నెలలో మేం నలుగురం ఒక గుట్ట ఎక్కాం. మనిషికి ఒక లీటరు నీళ్లు, ఒక టిఫిన్ డబ్బా. మిట్టమధ్యాహ్నానికి పైకి చేరి సంబరంగా ఫొటోలు దిగాం. కిందికి బయలుదేరేసరికి సీసాలు ఖాళీ. సగం దూరం వచ్చాక మా బావమరిదికి కాళ్లు వణకడం మొదలైంది. పిలిస్తే పలకడానికి కూడా ఆలస్యం చేస్తున్నాడు. మేకలు కాసే పెద్దాయన ఒకరు చూసి, తన దగ్గరున్న నీళ్లు తాగించి, మాకు తెలియని దారిలో నీడ పట్టున దింపారు. ఆ రోజు మేం ఎక్కడం గురించే ఆలోచించాం, దిగడం గురించి ఒక్కరం కూడా మాట్లాడుకోలేదు. అప్పటి నుంచి నేను ఏ గుట్టకు వెళ్లినా ప్లాన్ దిగడం దగ్గర నుంచే మొదలుపెడతాను. మీకూ అదే చెబుతున్నాను.

ముందు గుట్టను ఎంచుకోండి

ఎప్పుడూ గుట్టలు ఎక్కని వాళ్లయితే మొదట భువనగిరికి వెళ్లండి. ఊరి నడుమ లేచిన ఒకే ఒక్క పెద్ద బండ అది, సుమారు 500 అడుగుల ఎత్తు ఉంటుంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట కాబట్టి త్రిభువనగిరి అన్నారు, అదే వాడుకలో భువనగిరి అయింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఈ బండ మీదే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు దారిలోనే ఊరు ఉంది కాబట్టి వెళ్లిరావడం సులువు. కొంత దూరం మెట్లు, ఆ పైన ఉత్త బండ. మాటిమాటికీ కూర్చోకుండా పైకి వెళ్లగలిగి, మర్నాడు మోకాళ్లు పట్టేయకపోతే పెద్ద గుట్టకు మీరు సిద్ధమైనట్టే.

పెద్ద గుట్ట అంటే నా లెక్కలో దేవరకొండ. నల్లగొండ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. రేచర్ల పద్మనాయక రాజుల కోట అది. గోడలు ఏడు గుట్టలను కలుపుకుంటూ పోతాయి. అందుకే ఇక్కడ ఒకసారి ఎక్కితే పని అయిపోదు. ఒక శిఖరానికి చేరాక పల్లంలోకి దిగాలి, మళ్లీ ఎక్కాలి, ఎక్కడో గోడ కూలి రాళ్లు పరుచుకుని ఉంటే చుట్టు తిరగాలి. ఎంత దూరం పోవాలన్నది పూర్తిగా మన చేతుల్లో ఉంటుంది. రోజంతా నడవాలనుకునేవాళ్లకు ఇందుకే నచ్చుతుంది, సమయం మర్చిపోయేదీ ఇక్కడే. అదే పద్మనాయకుల రాజధాని రాచకొండ, మహబూబ్‌నగర్ దగ్గర కోయిలకొండ కూడా ఈ కోవకే వస్తాయి. ఈ వ్యాసంలో దేవరకొండనే ఉదాహరణగా పెట్టుకుందాం.

నల్లమల వైపు మాత్రం సొంతంగా ప్లాన్లు వేయకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది, అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలోకి నడిచి వెళ్లడం నేరం, ప్రమాదం కూడా. ఆ అడవిలో ఉన్న శివక్షేత్రం సలేశ్వరంలో జాతర చైత్ర పౌర్ణమికి కొన్ని రోజులే జరుగుతుంది. వెళ్తే అప్పుడు, జనంతో కలిసి, అటవీశాఖ చెప్పిన దారిలోనే.

ఏ నెలలో వెళ్లాలి?

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు. మార్చి వచ్చిందంటే వద్దు. వానాకాలంలో గుట్టలు పచ్చగా చాలా అందంగా ఉంటాయి, నాకూ మనసు లాగుతుంది. కానీ బండ మీద నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, వాన నీళ్లు జారే దారులవి. అక్కడ నాచు పడుతుంది, తడిస్తే చెప్పులైనా బూట్లైనా నిలవవు. వాన పడ్డాక కనీసం రెండు రోజులు ఎండ కాసేదాకా ఆగండి. ఉరుము వినిపించిందంటే శిఖరం మీద ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తున నిలబడి ఉన్నది మీరే.

గడియారాన్ని వెనక్కి లెక్కపెట్టండి

చాలామంది "ఆరింటికి బయలుదేరితే ఎప్పటికి చేరతాం?" అని లెక్క వేస్తారు. అలా కాదు. డిసెంబరులో నల్లగొండ వైపు సాయంత్రం 5:40 ప్రాంతంలో సూర్యుడు దిగిపోతాడు. ముళ్ల పొదల మధ్య బాట కనపడటం అంతకంటే ముందే కష్టమవుతుంది. కాబట్టి మూడున్నరకల్లా కింద ఊళ్లో ఉండాలి అని మొదట రాసుకోండి. అక్కడి నుంచి వెనక్కి రండి.

ఎంతసేపు పడుతుందో అంచనాకు ఒక పాత లెక్క ఉంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఇంకో గంట. మంచి బాట మీద, అలవాటున్న మనిషికి అది సరిపోతుంది. మన బండల మీద, ముళ్లలో దారి వెతుక్కుంటూ పోయేవాళ్లు దాన్ని రెట్టింపు చేసుకోవాలి. మూడు కిలోమీటర్ల దారి, 200 మీటర్ల ఎత్తు అనుకోండి. నడకకు 36 నిమిషాలు, ఎత్తుకు 20, మొత్తం 56 నిమిషాలు. రెట్టింపు చేస్తే దాదాపు రెండు గంటలు. దిగడానికి తక్కువ పడుతుందని మాత్రం అనుకోవద్దు. నున్నటి బండ మీద దిగడం ఎక్కడం కంటే నిదానం. అదే రెండు గంటలు రాసుకోండి.

ఇప్పుడు రోజు ఇలా తేలుతుంది. తెల్లవారుతూనే, ఆరున్నరకు కింద నుంచి మొదలు. ఎనిమిదిన్నర, తొమ్మిదికి పైన. రెండు గంటలు గోడల వెంట తిరిగి, తిని, కూర్చుంటే పదకొండు. పదకొండున్నర వెనక్కి తిరగాల్సిన సమయం. ఎక్కడున్నా సరే, అనుకున్న శిఖరం ఇంకో పది నిమిషాల్లో ఉన్నా సరే. ఈ సమయాన్ని ఇంట్లో ఉన్నప్పుడే, కాగితం మీద రాసి, వచ్చే వాళ్లందరికీ చెప్పండి. పైన నిలబడి నిర్ణయిద్దామంటే కుదరదు. పైన ఉన్నప్పుడు ప్రతివాళ్లకూ ఇంకొంచెం దూరం పోవాలనే ఉంటుంది. ఒకటిన్నరకు కింద ఉంటారు కదా, మూడున్నర దాకా రెండు గంటలు మిగిలాయి. ఎవరి కాలైనా బెణికితే, దారి తప్పితే పనికొచ్చేవి ఆ రెండు గంటలే. వాటిని ఖర్చు పెట్టకండి.

ముందు రోజు సర్దుకోవాల్సినవి

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, ఎండ గట్టిగా ఉంటే నాలుగు. బరువు అనిపిస్తుంది, అయినా తగ్గించొద్దు. కోట గుండాల్లో నీళ్లు కనిపిస్తాయి కానీ అవి తాగడానికి కాదు. ఒక లీటరులో ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి పెట్టుకోండి, చెంచా తలగొట్టి కొలవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటే ఇంకా మంచిది. సగం నీళ్లు అయిపోతే, సమయం ఎంతైనా వెనక్కి తిరగాలి. ఇది రెండో షరతు.

సద్దికి పులిహోర, సర్వపిండి, వేయించిన పల్లీలు, బెల్లం బాగుంటాయి. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది, అది పొద్దున బయలుదేరేముందు తినేయండి. నల్లగొండ వాళ్లకు బత్తాయి గురించి నేను చెప్పాలా? పైన నాలుక ఎండిపోయినప్పుడు ఒక బత్తాయి ఒలుచుకుని తింటే ప్రాణం లేచి వస్తుంది. తొక్కలు మాత్రం సంచిలో వేసుకుని కిందికి తెచ్చేయండి.

బూట్లకు అడుగున గీతలు అరగకుండా ఉండాలి. కొత్తవి కొని మొదటిసారి గుట్ట మీదే వేసుకుంటే మడమలు బొబ్బలెక్కుతాయి, వారం ముందు నుంచే వాటితో నడవండి. నిండు చేతుల చొక్కా, నిండు ప్యాంటు, టోపీ లేదా తువ్వాలు. ముళ్లు తీయడానికి చిన్న పట్టకారు, బెణుకుకు క్రేప్ బ్యాండేజ్, పగలే వెళ్తున్నా ఒక టార్చి, ఒక విజిల్. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీ అయిపోకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. అత్తరు, సెంటు వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ఇంట్లో ఒకరికి గుట్ట పేరు, ఎంతమంది వెళ్తున్నారు, బండి ఎక్కడ పెడుతున్నారు అన్నీ చెప్పండి. "నాలుగింటికి ఫోన్ రాకపోతే ఫలానా వాళ్లకు చెప్పు" అని కూడా చెప్పాలి. ఒంటరిగా వెళ్లొద్దు. నలుగురైతే మంచిది. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, ఇద్దరు కిందికి వెళ్తారు.

గుట్ట కింద, గుట్ట మీద

బయలుదేరే ముందు ఊళ్లో దారి అడగండి. "అన్నా, పైకి బాట ఎటు? నీళ్లున్నయా? తేనెపట్లు ఎక్కడున్నయి?" మేకలు, గొర్లు కాసేవాళ్లకు తెలిసినంత ఏ మ్యాప్‌కూ తెలియదు. వాళ్లు వద్దన్న వైపు వెళ్లకండి.

నడకలో అందరికంటే నిదానంగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. వేగంగా నడిచేవాళ్లు ముందుంటే వెనకవాళ్లు ఆయాసపడుతూ అందుకునేసరికి ముందువాళ్లు లేచి మళ్లీ బయలుదేరతారు. అలసిన మనిషికి విశ్రాంతి దొరకదు. మాటలు ఆగిపోయేంత ఆయాసం వస్తే అందరూ ఆగాలి.

బండ మీద వేళ్ల మీద నడవకండి, పాదం మొత్తం రాయికి ఆనాలి. నిటారుగా కాకుండా అటూ ఇటూ అడ్డంగా ఎక్కండి. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచండి. భయంతో వెనక్కి వాలితే కాలు జారేది అప్పుడే. మరీ ఏటవాలుగా ఉంటే కూర్చుని జరగండి, అందులో తప్పేమీ లేదు. ఎక్కేముందు ప్రతి బండ దగ్గర ఒక్కసారి ఆగి చూసి "ఇది నేను దిగగలనా?" అని అడగండి. లేదనిపిస్తే ఎక్కొద్దు. రాతి సందుల్లో, గోడ రంధ్రాల్లో చూడకుండా చెయ్యి పెట్టొద్దు. రక్తపింజర, నాగుపాము ఉండే చోట్లు అవి. కోట గోడల రాళ్లు గట్టిగా కనిపించినా వదులుగా ఉంటాయి, వాటిని పట్టుకుని పైకి లేవకండి.

పెద్ద తేనెటీగల పట్లు బండల అంచుల కింద, బురుజుల కింద వేలాడుతుంటాయి. అత్తరు, పొగ, కేకలు వాటిని రెచ్చగొడతాయి. లేచాయంటే ముఖం కప్పుకుని, కాలు జారకుండా చూసుకుంటూ వీలైనంత త్వరగా దూరం వెళ్లండి. కుట్టిన ముళ్లు వెంటనే గీకి తీసేయాలి.

ఒంట్లో తేడా వస్తే

తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, చెమట ధారగా పోవడం కనిపిస్తే ఎండదెబ్బ మొదలైనట్టే. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తి, కొద్దికొద్దిగా ఉప్పు చక్కెర నీళ్లు పట్టండి. మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణం మీదికి వచ్చిన సంగతి. నోట్లో నీళ్లు పోయొద్దు. ఒళ్లంతా తడిపి, విసురుతూ, 108కి ఫోన్ చేయండి. 108 కలవకపోతే 112.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా కట్టు కట్టి, ఆ మనిషిని నడిపించకుండా మోసుకుని దింపండి. మంత్రగాడి దగ్గర ఆగకుండా నేరుగా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే.

కిందికి వచ్చాక మొదటి పని ఇంటికి ఫోన్. "దిగినం" అని ఒక్క మాట చెప్పి, తర్వాతే చాయ్ తాగండి.