సిజేరియన్ అవసరమా అని అడగడం ఎప్పుడు, ఎలా

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌తోనే జరిగాయి; ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. దేశ సగటు 21.5 శాతమే కాబట్టి, ఇన్ని ఆపరేషన్లూ అవసరమై చేసినవేనని నమ్మడం కష్టం. అయితే నొప్పులు పడుతున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని, సంతకం కోసం కాగితం చేతికిచ్చాక ప్రశ్నించే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకే ఈ మాటలు ఏడో నెలలోనే మొదలుపెట్టాలి.

ఆ ఆసుపత్రిలో తొలిచూలు కాన్పుల్లో ఎన్ని సిజేరియన్లు అవుతున్నాయో, నొప్పుల గదిలోకి తల్లినో అక్కనో తోడుగా రానిస్తారో లేదో ముందుగా అడగండి. తొలి నెలల స్కానింగులో వచ్చిన కాన్పు తేదీనే లెక్కలోకి తీసుకోమనండి; చివరి నెలల స్కానింగును బట్టి ఆ తేదీని మార్చకూడదు.

నొప్పులు మొదలయ్యాక ఎక్కువగా వినిపించే మాట, “నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది” అన్నది; అంటే గర్భసంచి ముఖద్వారం అంతకుమించి తెరుచుకోవడం లేదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం చురుకైన నొప్పుల దశ ఐదు సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది. తల్లీబిడ్డలు క్షేమంగా ఉంటే, అంతకుముందు నెమ్మదిగా సాగడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. అప్పుడు, “డాక్టరుగారూ, ఇప్పుడు బిడ్డకు గానీ తల్లికి గానీ ఏం ప్రమాదం కనిపిస్తోందండీ? ఇంకొంతసేపు చూస్తే ఏమవుతుంది?” అని నెమ్మదిగా అడగండి. పేగు మెడకు చుట్టుకుందన్నా ఇదే ప్రశ్న వేయండి, ఎందుకంటే అలాంటి పిల్లలు ఎందరో మామూలు కాన్పులోనే పుడుతున్నారు. కానీ మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేసినా, నొప్పుల్లోనూ బిడ్డ అడ్డంగానే ఉన్నా, బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోతున్నా, వాదన మాని వెంటనే సంతకం చేయాలి.

తప్పంతా డాక్టర్లదే అనడం న్యాయం కాదు. ముహూర్తం చీటీ పట్టుకుని వెళ్లేది మనమే. కారణం లేకుండా 39 వారాలు నిండకముందే ఆపరేషన్‌తో బయటికి తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువన్న సంగతి పంతులుగారికి కాదు, ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఒప్పించాలి.

సిజేరియన్ అయితే, ఎందుకు చేశారో, గర్భసంచి మీద కోత ఏ దిశలో పెట్టారో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. లిఖితపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. కోత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా ఉంటే, మలి కాన్పు మామూలుగా అయ్యే వీలుందేమో చూడటానికి డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.