విన్న సంగీతాన్ని, కలిసిన విద్వాంసుల జ్ఞాపకాన్ని పంచుకునే పద్ధతి

కొత్తగా విన్న రాగాన్ని గురించో, కచేరీ ముగిశాక కలిసిన విద్వాంసుడు చెప్పిన మాట గురించో పదిమందికి చెప్పాలన్న ఆరాటం సంగీతాన్ని ప్రేమించే ప్రతివారికీ ఉంటుంది. అయితే "చాలా బాగుంది, తప్పక వినండి" అని మాత్రమే రాసి పంపిన పాటను చివరిదాకా వినేవారు తక్కువ. ఎక్కడ చెవి పెట్టాలో చెప్పి పంపినప్పుడు అవతలివారు శ్రద్ధగా వింటారు.

శాస్త్రీయ సంగీతం అలవాటు లేని మిత్రునికి విద్వాంసుడు మనోధర్మంతో గంటసేపు విస్తరించే రాగం తానం పల్లవి కంటే పది నిమిషాలలోపు ముగిసే కీర్తనను పంపడం మేలు. దానితోపాటు రాగం, తాళం, వాగ్గేయకారుడు, పక్కవాద్యాల వారి పేర్లు రాయండి. పక్కవాద్యాల వారిని విడిచిపెట్టడం మనలో చాలామందికి అలవాటైపోయింది. అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఆ తరువాత, ఏ నిమిషం దగ్గర ఏమి గమనించాలో ఒక్క వాక్యంలో చెప్పండి.

ఉదాహరణకు, 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వాదనాన్ని పరిచయం చేస్తున్నారనుకోండి. మాండొలిన్ మీద మీటిన స్వరం త్వరగా అణగిపోతుంది కనుక, స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే గమకమే ప్రాణమైన కర్ణాటక సంగీతానికి ఆ వాద్యం సులువుగా లొంగదు. ఆయన జంట తీగల మాండొలిన్‌కు బదులు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టి, అయిదు తీగలతో ఆ ఇబ్బందిని దాటారు. ఈ సంగతి ముందే తెలిసిన శ్రోత, ఆలాపనలో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి నాదం తెగకుండా జారే చోటును తానే పట్టుకుంటాడు.

కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ సృష్టించిన మహతి రాగాన్ని వినిపించడానికి ఇంకా తేలికైన మార్గం ఉంది. అందులో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం (స, గ, ప, ని) అనే నాలుగు స్వరాలే ఉంటాయి. ఇంట్లో హార్మోనియం ఉంటే ముందు ఆ నాలుగింటినీ వాయించి, ఆ తరువాత కీర్తన వినిపించండి. ఇంత కొద్ది స్వరాలతో అంత విస్తారం ఎలా సాధ్యమైందన్న ఆశ్చర్యంతో పిల్లలు కూడా కదలకుండా వింటారు.

ఒక విద్వాంసుని నుంచి మరొకరికి దారి చూపడం కూడా పంచుకోవడంలో భాగమే. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ నచ్చినవారికి, ఆయన గురువు, ద్రాక్షారామానికి చెందిన ఈమని శంకరశాస్త్రి వాదనాన్ని వెంటనే అందించండి. వీలైతే ఇద్దరూ వాయించిన ఒకే రాగాన్ని ఎంచుకోండి.

ఇక విద్వాంసులను కలిసే విషయం. మన గోదావరి డెల్టా ప్రాంతంలో ఆ అవకాశం సభలలోనే కాక, గుడి కల్యాణాలలోనూ పెళ్ళిపందిళ్ళలోనూ దొరుకుతుంది. కచేరీకి ముందు పలకరించవద్దు. ముగిశాక కూడా మంచినీళ్ళు తాగి, వాద్యం సర్దుకునేదాకా ఆగండి. ఫొటో అడిగే ముందు, ఆనాడు విన్నదాని గురించి ఒక్క ప్రశ్న వేయండి. ఒక స్వామివారి కల్యాణంలో వేళ్ళ తొడుగులు ఒక్కొక్కటే తీస్తున్న డోలు విద్వాంసుణ్ణి, సన్నాయి ఆలాపన సాగుతున్నంతసేపూ పుల్ల దెబ్బను ఎందుకు తగ్గించారని అడిగాను. మండపం చిన్నదనీ, డోలు మోతలో సన్నాయి మునిగిపోకూడదనీ ఆయన ఓపికగా వివరించారు. నాటి నుంచి ఏ మేళం విన్నా నా దృష్టి ముందుగా డోలు మీదికే పోతుంది.

అటువంటి మాటలను ఆ రాత్రే రాసుకోవాలి. తేదీ, ఊరు, సందర్భం, వాయించిన అంశాలు, పక్కన ఉన్నవారు అన్నీ రాయండి. ఆయన అన్న మాట యథాతథంగా గుర్తుంటేనే ఆయన మాటగా రాసి, లేకుంటే భావం మాత్రమే చెప్పండి. ఇతరులు చెప్పగా విన్నదాన్ని మీరు చూసినదానితో కలపవద్దు. సొంత కష్టాల గురించి, ఇతర విద్వాంసుల గురించి నమ్మకంతో చెప్పిన మాటలను బయటపెట్టవద్దు. రికార్డు చేయాలంటే ముందే అనుమతి అడగండి; వినడానికి ఇచ్చిన అనుమతి నలుగురికీ పంపడానికి చెల్లదు.

పెద్దల ఇళ్ళలోని పాత క్యాసెట్లను మాత్రం ఆలస్యం చేయకుండా చూడండి. డెల్టా తేమకు టేపు బూజు పడుతుంది. తెల్లని మచ్చలు కనిపిస్తే టేప్ రికార్డరులో పెట్టకండి, టేపు అతుక్కుని తెగిపోవచ్చు. శుభ్రం చేయడం తెలిసినవారికి ఇచ్చి, డిజిటల్ ప్రతి తీయించండి. ఆ ఫైలుకు విద్వాంసుని పేరు, ఊరు, సంవత్సరం పెట్టి, అట్ట మీద పెద్దలు రాసిన అక్షరాలను కూడా ఫొటో తీసి దానితోనే ఉంచండి.