ట్రాక్టరు గంట ఖర్చు – 3వ పాఠం: మీటరు గంట వేరు, కిరాయి గంట వేరు

పోయిన పాఠంలో బండి కదలకపోయినా పడే ఖర్చు తేల్చాం. మినీ ట్రాక్టరు, గడ్డి కోసే స్లాషర్ కలిపి 6,10,000 రూపాయలు, పదేళ్లు వాడి అమ్మితే పదో వంతు వస్తుందనుకున్నాం. తరుగుదల, వడ్డీ, ఇన్సూరెన్స్, షెడ్డు అన్నీ కలిపి ఏడాదికి లక్ష. ఏడాదిలో 500 గంటలు తిరిగితే గంటకు 200. 300 గంటలే తిరిగితే అదే 333. మామిడి, ఆయిల్‌పామ్ తోటల్లో గడ్డి పని ఎక్కువగా వానలున్నన్నాళ్లే. అందుకే 500 అని వేసే ముందు డైరీ తిరగేయండి.

ఇప్పుడు బండి తిరిగితే అయ్యే ఖర్చు. రేట్లు లెక్క నేర్చుకోవడానికే, మీరు మీ బిల్లులు చూసి వేసుకోండి.

ముందు డీజిల్. గంటకు ఇన్ని లీటర్లని ఎవరో చెప్పింది రాసుకోవద్దు. పొద్దున చదునైన చోట బండి ఆపి ట్యాంకు నిండా పోయించండి. మూడు గంటలు కోశాక అదే చోట ఆపి మళ్లీ నిండా పోయించండి. 8.4 లీటర్లు పట్టిందంటే గంటకు 2.8. లీటరు 98 చొప్పున 274 రూపాయలు. గడ్డి మోకాలెత్తు ఉన్నప్పుడు ఒకసారి, నడుమెత్తు ఉన్నప్పుడు ఇంకోసారి కొలవండి.

ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లకు 250 గంటలకోసారి 2,500 అయితే గంటకు 10. గ్రీజు 5. టైర్లు 60,000 పెట్టి 3,000 గంటలు వాడితే 20. రిపేర్ల కోసం పక్కన పెట్టేది 40. బ్లేడ్ల జత 900, 60 గంటలు వస్తే 15. బ్లేడు ఒకటే అరిగినా జతగానే మార్చండి. బరువు ఒకవైపు తగ్గితే స్లాషర్ వణుకుతుంది, ఆ వణుకు గేర్‌బాక్సు బేరింగుల్ని తినేస్తుంది. ఒక్క బ్లేడు డబ్బులు మిగిలాయని సంబరపడి, తర్వాత బేరింగు మార్పించుకున్నవాణ్ని నేను!

ఇవన్నీ కలిపితే 364. దానికి బండి కదలకపోయినా పడే ఆ 200 చేరిస్తే 564.

డ్రైవరు కూలి రోజుకు 700. బండి మీరే తోలినా ఇది రాయాల్సిందే. రోజంతా మీటరు (ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపేది) 6 గంటలు తిరిగితే గంటకు 117, మొత్తం 681. అందుకే చాలామంది గంటకు 700 కిరాయి అడిగి, పందొమ్మిది రూపాయలు మిగిలాయనుకుంటారు.

కానీ ఆ ఆరు గంటల్లో ఒక గంట తోటకు వెళ్లి రావడానికి, గేటు తీసేదాకా బండి స్టార్టింగులో ఉంచడానికి పోయింది. రైతు డబ్బిచ్చేది కోసిన 5 గంటలకే. 564ను ఆరుతో గుణిస్తే 3,384, కూలితో 4,084. దాన్ని ఐదుతో భాగిస్తే 817. రోడ్డు మీద డీజిల్ కాస్త తక్కువ తాగినా లెక్క పెద్దగా మారదు. 700 తీసుకుంటే గంటకు 117 మన జేబులోంచే పోతున్నట్టు.

ఇంకో చిక్కు: పాత బండ్ల ముల్లు మీటరు గడియారాన్ని కాదు, ఇంజిన్ తిరిగే చుట్లను లెక్కపెడుతుంది. రేజు తగ్గిస్తే మీటరూ నెమ్మదిస్తుంది. గంటల కిరాయికి ఫోనులో టైము చూసుకోండి.

ఈ వారం అభ్యాసం: రోజూ రెండు అంకెలు రాయండి, మీటరు గంటలు ఎన్ని, డబ్బు వచ్చిన గంటలు ఎన్ని. ఏడు రోజులవి పక్కన పెట్టుకోండి. దూరం తోటలకు రాకపోకల ఖర్చు విడిగా ఎలా అడగాలో 4వ పాఠంలో వాటితోనే లెక్క వేద్దాం.