ఏళ్లుగా బైక్ నడుపుతున్నవారు అడ్వాన్స్‌డ్ రైడింగ్ పాఠం ఎలా తీసుకోవాలి?

లైసెన్సు కోసం ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపించిన రోజు తరువాత మనలో చాలామందికి ఎవరూ ఏమీ నేర్పలేదు. మిగిలినదంతా నడపగా నడపగా వచ్చిందే. అందులో మంచి ఎంతో, చెడ్డ అలవాటూ అంతే. వెనక బ్రేకు మీదే ఆధారపడి పదిహేనేళ్లు నెట్టుకొచ్చినవారికి ఆ లోపం తెలిసేది గేదె అడ్డం వచ్చిన రోజునే. ఆ రోజు రాకముందే పాఠానికి వెళ్లడం మేలు.

ముందు మీ అలవాట్లు గమనించండి

పాఠానికి ముందు కొన్నాళ్లు మీ మీదే నిఘా పెట్టుకోండి. హఠాత్తుగా ఆగాల్సి వస్తే మొదట చెయ్యి పనిచేస్తోందా, కాలా? తాడ్వాయి దాటాక అడవి మలుపుల్లో చూపు మలుపు చివరన ఉంటోందా, ముందు చక్రం దగ్గరే ఆగిపోతోందా? కుడి మలుపు సులువై ఎడమ మలుపులో ఒళ్లు బిగుసుకుంటోందా? ఇవి రాసి తీసుకెళ్లండి. "నాకు అన్నీ వచ్చు, ఏమైనా కొత్తది చెప్పండి" అని కూర్చుంటే కట్టిన ఫీజు దండగ.

గురువును ఎంచుకోవడం

రేస్ ట్రాక్ పాఠం వేరు, రోడ్డు పాఠం వేరు. ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, రోడ్డు మీద వచ్చేది అదే. మీకు కావలసింది రెండోది. ఒక్కో గురువుకు ఎంతమంది విద్యార్థులు, సొంత బండి మీదే నేర్పుతారా, వెనకాలే వచ్చి గమనించి తప్పులు చెబుతారా అని ముందే అడగండి. మైదానంలో విన్యాసాలు చూపించి పంపేవారికి దూరంగా ఉండండి. శిక్షణ హైదరాబాద్‌లో అయితే ముందురోజే చేరుకోండి. తెల్లవారుజామున హనుమకొండలో బయలుదేరి జనగామ, భువనగిరి మీదుగా వెళ్లి, అలసిన చేతులతో బ్రేకు పాఠం నేర్చుకోలేరు.

బండి సిద్ధం చేయడం

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. చైను బిగువు బండి పుస్తకంలో రాసినట్టు ఉండాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) రెండు చక్రాలకూ ఉందో, ముందు చక్రానికే ఉందో తెలుసుకోండి. 125 సీసీ లోపు బండ్లలో చాలావాటికి అది ఉండదు. ఐఎస్ఐ హెల్మెట్, గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి. చెప్పులతో వస్తే మంచి గురువు వెనక్కి పంపేస్తాడు.

పాఠం జరిగే రోజు

ఎక్కువ సమయం బ్రేకులకే ఇవ్వమని అడగండి. ఆగేటప్పుడు బరువు ఎక్కువగా ముందు చక్రం మీదకు వస్తుంది కాబట్టి, బండిని ఆపే బలంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. అయితే లివర్‌ను ఒక్కసారిగా లాగేయకూడదు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి, ముందు ఫోర్కులు కుంగాక గట్టిగా నొక్కాలి. ఆ కుంగడం చేతికి తెలిసేదాకా మళ్లీ మళ్లీ చేయండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలస్యమైతే బండి దాదాపు 17 మీటర్లు వెళ్లిపోతుంది. వేగం 40 నుంచి 80కి పెరిగితే బ్రేకు పట్టాక ఆగే దూరం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలు.

మలుపుల సంగతి వింతగా ఉంటుంది. కుడివైపు వంగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. ఇన్నేళ్లూ తెలియకుండానే చేస్తున్నారు, ఇక తెలిసి చేయండి. పెద్ద బండ్లవారి పరువు తీసేది మాత్రం నెమ్మదిగా తీసుకునే యూటర్న్. క్లచ్ సగం పట్టులో, వెనక బ్రేకు కొద్దిగా, చూపు వెళ్లాల్సిన వైపు. కాలు కింద పెట్టాల్సి వస్తే సిగ్గుపడకండి.

మన రోడ్ల ప్రశ్నలు మీరే అడగాలి, నగరం గురువుకు అవి తట్టకపోవచ్చు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు టైరు కింద జారతాయి. వాటి మీదకు వెళ్లక ముందే వేగం తగ్గించాలి, వాటి మీద బ్రేకు వేయకూడదు, బండి వంచకూడదు. రాత్రిపూట వడ్ల కన్నా చుట్టూ పెట్టిన రాళ్లు, కప్పిన నల్ల పట్టాలే ప్రమాదం. వెనక లైటు లేని పత్తి ట్రాక్టరూ అంతే. హెడ్‌లైటు వెలుగు పడేంత దూరంలో ఆగగలిగే వేగమే రాత్రి వేగం.

తరువాత సాధన

ప్లాట్లు వేసి ఇళ్లు ఇంకా కట్టని వెంచర్లు వరంగల్ చుట్టూ చాలా ఉన్నాయి. అనుమతి తీసుకుని, ఇసుక లేని సిమెంటు రోడ్డు చూసుకుని, ఆదివారం ఉదయం 30 వేగంతో బ్రేకులు మొదలుపెట్టండి. ఒక్కో పూట ఒక్క అంశమే. ఒంటరిగా బాగా కుదిరాక, ఇష్టపడే పెద్దవారినెవరినైనా హెల్మెట్ పెట్టించి వెనక కూర్చోబెట్టుకుని తక్కువ వేగంలో మళ్లీ చేయండి. వెనక మనిషి ఉంటే టైర్లలో గాలి ఎంత ఉండాలో బండి పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది, బయలుదేరే ముందే అంత నింపించండి.