ప్రొజెక్టర్ బొమ్మ చెడినప్పుడు: ల్యాంపు కొనేముందు చూడవలసినవి

బొమ్మ చెడిందనగానే చాలామంది ముందు ల్యాంపు మార్చేస్తారు. ల్యాంపు అరిగిపోతే తెర మొత్తం సమానంగా మసకబారుతుంది. మచ్చలు, చుక్కలు, రంగుల అంచులు కనబడితే మాత్రం వెలుగును బొమ్మగా మలిచే భాగాన్ని అనుమానించాలి. మీది సూక్ష్మమైన అద్దాల చిప్పుతో బొమ్మ వేసే డీఎల్‌పీయో, ద్రవ స్ఫటికాల పలకలతో బొమ్మ వేసే మూడు ప్యానెళ్ల ఎల్‌సీడీయో తెలుసుకొని, పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్లైడ్లను ఒక్కొక్కటిగా వేసి చూడండి.

సమస్య: చూపు తిప్పినప్పుడు అక్షరాల అంచున ఇంద్రధనుస్సు రంగులు మెరవడం

ఇది ఒకే చిప్పు ఉన్న డీఎల్‌పీ స్వభావం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించిన ఈ చిప్పు మీద లక్షల సూక్ష్మమైన అద్దాలు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ ఒరుగుతూ వెలుగును లెన్సులోకి పంపుతాయి, లేదా పక్కకు తప్పిస్తాయి. ఆ అద్దాలకు రంగుతో పని లేదు. తిరిగే కలర్ వీల్, అంటే రంగు ఫిల్టర్ల చక్రం, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను ఒకదాని తర్వాత ఒకటి అందిస్తే, వాటిని కలిపి చూసుకునేది మన కళ్లే. చూపు చురుగ్గా కదిలితే ఆ రంగులు విడిపోతాయి. ఏ సెట్టింగుతోనూ ఇది పూర్తిగా పోదు కాబట్టి, ఇబ్బంది పడేవారు వేగంగా తిరిగే కలర్ వీల్ ఉన్న మోడల్‌కో, ఎల్‌సీడీకో మారాలి.

చూపు కదపకపోయినా రంగు అంచు అక్కడే ఉంటే, అది ఎల్‌సీడీలో మూడు ప్యానెళ్ల బొమ్మలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోకపోవడం. కొన్ని మోడళ్ల మెనూలోనే దీన్ని సవరించవచ్చు.

సమస్య: తెలుపు మీద పసుపు మచ్చ, లేదా నలుపు మీద నీలపు జాడ

ఎల్‌సీడీ ప్రొజెక్టర్ వెలుగును మూడు రంగులుగా విడదీసి, ఒక్కో ప్యానెల్ గుండా పంపి, ప్రిజంలో మళ్లీ కలుపుతుంది. నీలం కాంతికి శక్తి ఎక్కువ కనుక, గాలి ఆడకపోతే ఆ దారిలోని పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే వదిలే) పొరే సాధారణంగా ముందు కమిలిపోతుంది. నేను చూసిన ఒక తరగతి గదిలో ఇదే మచ్చకు రెండు ల్యాంపులు మార్చారు. నీలం స్లైడు వేయగానే నడుమ కమిలిన చోటు అరచేయంత కనబడింది. గాలి ఫిల్టరు ఊడదీస్తే సుద్దపొడి దళసరిగా పేరుకొని ఉంది. పొరను సర్వీసులో మార్పించాలి. ఫిల్టరును నెలకోసారైనా మీరే శుభ్రం చేయాలి.

సమస్య: మసక మసక మచ్చ

ఫోకస్ రింగును మెల్లగా తిప్పండి. అక్షరాలు చెదిరేకొద్దీ మచ్చ తేటపడితే, ప్యానెల్ దగ్గర దుమ్ము చేరిందని అర్థం. ఇంట్లో విప్పకండి. డీఎల్‌పీ చిప్పు మూసి ఉండటం వల్ల ఈ బాధ అరుదు.

సమస్య: తెల్లని చుక్కలు రోజురోజుకూ పెరగడం

డీఎల్‌పీలో అద్దాలు ఒక వైపే ఒరిగి బిగుసుకుపోయాయి. చిప్పు మార్చడమే మార్గం, దాని ధరను కొత్త ప్రొజెక్టర్ ధరతో పోల్చుకున్నాకే ఒప్పుకోండి.

సమస్య: నలుపు బూడిద రంగులో కనబడటం

ముందు గదిలోని వెలుతురు తగ్గించండి. పూర్తి చీకట్లోనూ మారకపోతే అది ఆ యంత్రం హద్దు. సిలికాన్ మీద పరచిన ద్రవ స్ఫటికాల నుంచి వెలుగును ప్రతిఫలింపజేసే ఎల్‌కాస్ రకం, అంటే జేవీసీ డీ-ఐలా, సోనీ ఎస్ఎక్స్ఆర్‌డీ వంటివి, సాధారణంగా ఇంతకంటే చిక్కని నలుపు ఇస్తాయి. ధర మాత్రం ఎక్కువ.